అరవై నాలుగో సీసా

రాజమండ్రి,
14 నవంబరు 1993.

అక్కకు,

తమ్ముడు లాజరు వందనాలు. నేనూ పాపాయమ్మా బాగున్నాం. నీ మోకాళ్లకి కట్టు కట్టుకుంటున్నావో లేదో రాయి.

ఇది క్షేమ సమాచారం కోసం రాస్తున్న ఉత్తరం కాదు. నాకు జరిగింది ఎవరితోనైనా చెప్పుకోకపోతే అన్నం గొంతు దిగేలా లేదు. ఇంట్లో చెబితే పాపాయమ్మ, "పోనీండి, ఆ సీసాలు పోతే నా బీరువా ఖాళీ అవుతుంది" అంటుంది. అందుకని నీకు రాస్తున్నాను.

మా కాలేజీ యాభై ఏళ్ల పండగ పోయిన వారం జరిగింది. కెమిస్ట్రీ చెప్పే రమేష్ బాబు నీకు గుర్తున్నాడా, మన చర్చివాడే. డిగ్రీ చదివేటప్పుడు గాజు గొట్టం విరక్కుండా వంచడం వాడికి నేర్పింది నేనే. ఇప్పుడు వాడు డాక్టరు రమేష్ బాబు, నేను వాడి ల్యాబ్‌లో అసిస్టెంటుని. "మాస్టారూ, మీ పాత సీసాలు రెండ్రోజులు ఇవ్వండి, ఎగ్జిబిషన్లో పెడదాం. ఎంతకాలమని బీరువాలో దాస్తారండీ?" అన్నాడు. సంబరపడిపోయి అరవై నాలుగూ ఇచ్చేశాను.

అవి ఎలా పోగయ్యాయో నీకు తెలుసు. వరద తీశాక ధవళేశ్వరం ఒడ్డున మోకాలి లోతు బురదలో వెతికి తెచ్చిన గోలీసోడా సీసాలు. టీ కొట్లవాళ్లకి కొత్త ప్లాస్టిక్ డబ్బాలు కొనిచ్చి, బదులుగా తెచ్చుకున్న బిస్కట్ జాడీలు. మూసేసిన మందుల షాపు అటక మీంచి దించిన నీలం రంగు విషం సీసాలు. తడిమితే చేతికి తెలిసేలా వాటి ఒంటినిండా గరుకు గీతలుంటాయి చూడు, అవి. ఇరవై ఎనిమిదేళ్లుగా నా సెలవు రోజులన్నీ వాటికే పోయాయి.

ఎగ్జిబిషన్‌కి వెళ్లి చూస్తే బల్ల మీద అట్ట పెట్టి ఉంది. "పురాతన గాజు సీసాలు. సేకరణ: డాక్టర్ రమేష్ బాబు." మర్నాడు పేపర్లో అర పేజీ వేశారు. నా సీసా చేత్తో పట్టుకుని నవ్వుతున్నాడు. పక్కన నేను దుమ్ము తుడుస్తున్నాను కాబోలు, ఫొటోలో నా మోచెయ్యి మాత్రం పడింది.

ల్యాబ్‌లో అడిగాను. "తెచ్చింది మీరేనండీ, కాదనను. అవి ఏ కాలానివో నలుగురికీ చెప్పింది నేను కదా మాస్టారూ" అన్నాడు. స్టూడెంట్లు వింటున్నారు. నేను బ్యూరెట్లు కడుక్కుంటూ నిలబడ్డాను.

వీణ్ణి ఊరికే వదలను. ఏం చేస్తానో నాకే ఇంకా తెలీదు.

నీ తమ్ముడు,
లాజరు.


నరసాపురం,
23 నవంబరు 1993.

లాజరూ,

అక్క దీవెనలు. మోకాళ్లు అలాగే ఉన్నాయి. కట్టు కడితే మెట్లు దిగలేను, విప్పితే ఎక్కలేను.

ఇక్కడ లేసు పని జోరుగా ఉంది. ఆర్డరు క్రిస్మస్‌లోపు వెళ్లిపోవాలట. ఆడవాళ్లందరికీ దారం పంచి, అల్లిక చూసి తీసుకునేసరికి కళ్లు లాగేస్తున్నాయి. ఊరి బయట వరిచేలన్నీ తవ్వేసి రొయ్యల చెరువులు చేస్తున్నారు. మా బావి నీళ్లు అప్పుడే ఉప్పగా అయిపోయాయి. తాగడానికి బిందె పట్టుకుని పక్క వీధికి పోతున్నాను.

పేపర్లో పేరు పడలేదని ఇంత ఉడుకా? నీకు యాభై రెండేళ్లు. నీ సీసాలు నీ ఇంటికొచ్చాయి కదా, ఇంకేం కావాలి? రోజూ వాడి మొహం చూడాల్సినవాడివి, నవ్వి ఊరుకో. ఆదివారం పాస్టరుగారితో కాసేపు మాట్లాడు, మనసు తేలికపడుతుంది.

అన్నట్టు, క్రిస్మస్‌కి వచ్చేటప్పుడు పాలసీసా పట్టుకురా. స్త్రీల సమాజంలో, మన చిన్నప్పటి మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మగారి గురించి నన్ను మాట్లాడమన్నారు. పడవలా ఉండి రెండు కొసలా మూతులుండే పాలసీసా ఇప్పటి పిల్లలు ఎక్కడ చూస్తారు! మా ఇంట్లో పిల్లుల గోల, ఎక్కడ పగులుతుందోనని దాచమని నీకిచ్చి పదిహేనేళ్లయింది. మెత్తటి గుడ్డలో చుట్టి తీసుకురా. పాపాయమ్మని అడిగానని చెప్పు.

అక్క,
దీనమ్మ.


రాజమండ్రి,
2 డిసెంబరు 1993.

అక్కా,

పోయిన ఉత్తరంలో నీ దగ్గర ఒక సంగతి దాచాను. నువ్వు పాలసీసా అడిగాక ఇంక దాచలేను.

అరవై నాలుగు వెళ్లాయి. అరవై మూడే తిరిగొచ్చాయి. రానిది అదే.

నేను అడిగితే, "లెక్క తప్పారేమో మాస్టారూ, మరోసారి చూసుకోండి" అన్నాడు. మాట్లాడుతున్నంతసేపూ కళ్లెత్తలేదు. తర్వాత మా అటెండరు వీరబ్రహ్మం నన్ను వరండాలోకి పిలిచి చెప్పాడు. "ముఖ్య అతిథిగారి భార్య ఆ పడవ సీసా చూసి ఎంత ముద్దుగా ఉందో అన్నారండీ. వాళ్లు వెళ్లేటప్పుడు సార్ కాగితంలో చుట్టి ఏదో చేతికిచ్చారు. ఇంకేముంటుందండీ, అదే అయ్యుంటుంది." ఆ అతిథి ఢిల్లీ నుంచి వచ్చినాయన. ఇంక అది మనకి దొరికేది కాదు.

నా పేరు తీసేశాడని నీకు రాశాను గానీ, నన్ను తొలుస్తున్నది ఇది. నీ ఎదుటికి ఏ మొహంతో రావాలో తెలీడం లేదు. క్రిస్మస్‌కి రమ్మంటావా, మానమంటావా?

లాజరు.


నరసాపురం,
9 డిసెంబరు 1993.

లాజరూ,

రా. అది ఎగ్జిబిషన్‌కి ఎందుకిచ్చావని ఇప్పుడు అడగను.

నీకెప్పుడూ చెప్పని మాట రాస్తున్నాను. నిన్ను కన్న తొమ్మిదో రోజున అమ్మ పోయింది. నాకు పదేళ్లు. నాన్న రేవులో పడవ మీద ఉండేవాడు. డాక్టరమ్మగారు నన్ను ఆసుపత్రి బల్ల మీద కూర్చోబెట్టి, ఒళ్లో నిన్ను పెట్టి, చేతికి ఆ సీసా ఇచ్చింది. వేడినీళ్లలో మరిగించడం, మేకపాలు కాచి పోయడం, ఎంత వంచితే ఎంత వస్తాయో చూసుకోవడం, అన్నీ ఆవిడే నేర్పింది. మొదటి రోజు నువ్వు తాగలేదు. రెండో రోజూ తాగలేదు. అందరూ ఆశ వదిలేశారు. మూడో రోజు మధ్యాహ్నం చప్పరించావు. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆ ఏడాది బడి మానేశాను. మళ్లీ వెళ్లలేదు.

దాన్ని వాడు కాగితంలో చుట్టి ఎవరికో ఇచ్చేశాడు.

నవ్వి ఊరుకోమని రాశాను కదా, ఆ మాట కొట్టేసుకో.

మొన్న తూర్పుతాళ్లు దగ్గర చెరువు తవ్వుతుంటే పాతకాలపు సీసా బయటపడింది. ఎవరో భీమవరం నుంచి మోటారు సైకిలు మీద వచ్చి పట్టుకుపోయారు. చెరువులో దొరికిందంటే ఇప్పుడు ఎవరైనా నమ్ముతారు. ఆ మనిషికి సీసాల మీద పేరు కావాలి కదా, ఇద్దాం. ఊరంతా చప్పట్లు కొట్టేంత పేరు ఇద్దాం. ఆ ఊరంతా చూస్తుండగానే లాగేద్దాం. గాజు పని నీకొచ్చు, బురద మా దగ్గర ఉంది. మిగతాది నువ్వొచ్చాక మాట్లాడుకుందాం.

ప్రార్థన చేశాను. ప్రభువు వద్దని చెప్పలేదు.

అక్క,
దీనమ్మ.


రాజమండ్రి,
17 జనవరి 1994.

అక్కా,

క్రిస్మస్‌కి మనం అనుకున్నది తయారైంది. శనివారం మన చర్చివాళ్లు మీ ఊరికి పెళ్లికి వస్తున్నారు, పెట్టె వాళ్ల చేతికిస్తున్నాను. లోపల పచ్చడి ఉందని చెప్పాను.

నూనె కొట్లో దొరికిన నల్లపచ్చ నలుచదరం సీసా అది. మహా అయితే నలభై ఏళ్లది. పక్కల అచ్చు గీత కనపడితే ఇట్టే దొరికిపోతాం, అందుకని వారం రోజులు సానరాయితో అరగదీశాను. తర్వాత మైనం పూసి, సూదితో ఒక ఓడ బొమ్మనూ దాని కింద 1684 అనే అంకెనూ గీసి, గాజుని తినే ఆసిడ్ పోశాను. కిటికీలన్నీ తెరిచిపెట్టే చేశాను, భయపడకు. అడుగున గుంటలో తెలుగులో చీమంత అక్షరాలతో ఇంకో మాట చెక్కాను. "లాజరు చేసినది, 1994." దాని మీద సున్నం మెత్తి గట్టిపరిచాను. ఉప్పునీటి బురదలో కొన్ని నెలలుంటే ఆ సున్నం పుట్టుకతో వచ్చినట్టే ఉంటుంది.

ఇంత మంచి పని నా చేత్తో నేనెప్పుడూ చెయ్యలేదు. సిగ్గేస్తోంది, గర్వంగానూ ఉంది.

రమేష్ బాబు గోదావరి తీరంలో దొరికిన సీసాల మీద పుస్తకం రాస్తున్నాడు. అట్ట మీద వెయ్యడానికి గొప్ప సీసా ఒకటి కావాలట. "మా అక్క ఊళ్లో చెరువుల్లో ఏవో దొరుకుతున్నాయటండీ" అని ఒక మాట వేసి ఉంచాను. పుస్తకం సభకి నిన్ను వేదిక మీదికి పిలుస్తాడు. సీసా ఇచ్చినదానివి నువ్వే కదా. అప్పుడు నిమ్మచెక్కతో అడుగున గట్టిగా రుద్దు. సున్నం పొంగి ఊడిపోతుంది. అక్షరాలు వాడి చేతే చదివించు.

లాజరు.


నరసాపురం,
8 అక్టోబరు 1994.

లాజరూ,

ఇన్నాళ్లూ రాయడానికి ఏమీ లేక రాయలేదు. ఇప్పుడు ఉంది.

సీసాని మా ఎదురింటి చంద్రరావు గారి చెరువులో తూము పక్కన పూడ్చానని చెప్పాను కదా. ఆ పూడ్చిన రోజు మోకాళ్లు పట్టేసి చెరువు గట్టు మీద నేను కూలబడి ఉంటే కాలు జారిందనుకుని ఆయనే లేపి ఇంటికి తెచ్చాడు. మొన్న రొయ్యలకి ఒంటి మీద తెల్లమచ్చలొచ్చి చెరువు చెరువంతా చచ్చిపోయాయి. ఆయన గట్టున కూర్చుని ఏడ్చాడు. నీళ్లు తోడించి బురద ఎత్తిస్తుంటే పదిమంది కూలీల ఎదుట సీసా బయటపడింది. చంద్రరావు గారు దాన్ని చూడను కూడా చూడలేదు. నేను అడిగితే తీసుకుపొమ్మన్నాడు.

సీసా బయటపడిందని ఫోను చేశాను కదా, నువ్వు చెప్పి పంపిన మనిషి ఆదివారం దిగాడు. సీసాని వెలుతురుకి ఎత్తి చూసి, "అమ్మగారూ! ఇది డచ్చివాళ్ల కాలందండీ! మూడొందల ఏళ్లు!" అన్నాడు.

"నాకేం తెలుసు బాబూ. కడుక్కుని నూనె పోసుకుందామనుకున్నాను" అన్నాను.

"అయ్యో, కడగకండి! ఆ సున్నం గోకకండి! అదే దీనికి సాక్ష్యం" అన్నాడు. నాకు నవ్వాగలేదు, వంటింట్లోకి వెళ్లిపోయాను.

చేపల పులుసుతో అన్నం పెట్టాను. రెండుసార్లు వడ్డించుకున్నాడు. సీసా ఊరికే తీసుకెళ్లమంటే కళ్లలో నీళ్లు పెట్టుకున్నాడు. దొంగ ఏడుపు. "మాస్టారి విషయంలో నేనొక తప్పు..." అంటూ ఏదో మొదలుపెట్టబోయాడు. గొప్పలు చెప్పుకోవడానికి అనుకుని, మజ్జిగ తెస్తానని లేచాను. నేనొచ్చేసరికి మాట మార్చేశాడు.

నిమ్మకాయలు మా పెరట్లోవే ఉన్నాయి. సభ ఎప్పుడో రాయి.

అక్క,
దీనమ్మ.


రాజమండ్రి,
14 మార్చి 1995.

అక్కా,

ఈ ఉత్తరం అందగానే నిమ్మకాయ మాట మర్చిపో. శనివారం సభకి రా, శాలువా కప్పించుకో, కూర్చో, వెళ్లిపో. ఇంకేమీ చెయ్యకు. మీ వీధి చివర ఫోను బూత్‌కి రెండుసార్లు చేశాను. నిన్ను పిలుస్తామని చెప్పి పెట్టేశారు.

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక రమేష్ బాబు మా ఇంటికొచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. చేతిలో బిస్కట్ల రేకు డబ్బా ఉంది. మూత తీశాడు. అక్కా, లోపల పాలసీసా ముక్కలు.

"ఎగ్జిబిషన్ అయ్యాక కడుగుతుంటే నా చేతిలోంచి జారిందండీ. మీ మొహం చూసి చెప్పలేక లెక్క తప్పారన్నాను. ఆ తర్వాత రోజురోజుకీ చెప్పడం కష్టమైపోయింది మాస్టారూ. నేనింత చేస్తే మీ అక్కగారు అన్నం పెట్టి అంత గొప్ప సీసా చేతిలో పెట్టారు. ఆ రోజు నుంచీ నాకు మనశ్శాంతి లేదు."

ముఖ్య అతిథికి ఇచ్చింది పూతరేకుల పొట్లమట. వీరబ్రహ్మం ఊహించి చెప్పాడు, మనం నమ్మాం.

ఇంకో సంగతి. మన సీసాలకి కాలేజీలో ఒక గది ఇప్పించాడు. తలుపు మీద "లాజరు గాజు సేకరణ" అని బోర్డు ఉంటుంది. సభలో ప్రకటిస్తారు. "మీ పేరు తీసేసింది నేనే, నా చేత్తోనే పెడతానండీ" అన్నాడు. నేను వాడి భుజం పట్టుకుని, క్షమించాం బాబూ అన్నాను. మనిద్దరి తరఫునా అన్నాను.

దొంగ సీసా సంగతి నోటిదాకా వచ్చి ఆగిపోయింది. పుస్తకం అచ్చయిపోయింది, అట్ట మీద దాని బొమ్మే. సభ కానీ, తర్వాత మెల్లగా నేనే చెబుతాను.

నీ తమ్ముడు,
లాజరు.


రాజమండ్రి,
21 మార్చి 1995.

అక్కా,

నా ఉత్తరం నీకు అందిందా లేదా? ఆ ఒక్క మాట రాయి.

నువ్వు సభలోంచి నేరుగా బస్టాండుకి వెళ్లిపోయావు. ఆ తర్వాత జరిగింది విను. ప్రిన్సిపాల్‌గారు సీసా తీసుకుని అడుగున అక్షరాలు మైకులో చదివారు. "లాజరు చేసినది." రెండు వందల మంది నా వైపు తిరిగారు. మొదట ఎవరో నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. పుస్తకాల కట్టలు విప్పకుండానే వెనక్కి మోయించారు.

గది లేదు. బోర్డు లేదు. "ఒకటి చేసినవాడు మిగతా అరవై మూడూ చేసి ఉండడా?" అంటున్నారు. విషం సీసాల్ని కూడా నేను చేసినవే అంటున్నారు. ఇరవై ఎనిమిదేళ్లు బురదలో వెతికింది ఇందుకేనా? రమేష్ బాబు సెలవు పెట్టాడు, వేరే ఊరికి బదిలీ అడిగాడట. వెళ్లే ముందు ల్యాబ్‌కి వచ్చి తాళాలు నా బల్ల మీద పెట్టాడు. నేను లేచి నిలబడ్డాను. వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.

ఉత్తరం అందలేదని రాయి అక్కా. నమ్ముతాను.

లాజరు.


నరసాపురం,
10 ఏప్రిల్ 1995.

లాజరూ,

నీ ఉత్తరం పదిహేడో తారీఖు శుక్రవారం మధ్యాహ్నం అందింది. సభ శనివారం. అందలేదని రాస్తే నమ్ముతానన్నావు. అలా రాయను. రెండుసార్లు చదివాను. చదివి పెరట్లోకి వెళ్లి నిమ్మకాయ కోశాను.

సీసా దొంగదని తేలితే నీ పేరు బయటపడుతుందని నాకు తెలుసు. అది నీ చేతిరాత. తెలిసే రుద్దాను.

ఎందుకని అడుగుతావు. మనిద్దరి తరఫునా క్షమించానని రాశావు. నా తరఫున క్షమించమని నీకు ఎవరు చెప్పారు? ఆ సీసాతో పాలు తాగింది నువ్వు. పట్టింది నేను. దాచమని ఇస్తే నన్ను అడక్కుండా ఎగ్జిబిషన్‌కి ఇచ్చావు. పోయాక మూడు వారాలు దాచావు. పగిలిందని తెలిశాక నన్ను అడక్కుండా క్షమించావు. ఆ ముక్కలు నాకు పంపాలని కూడా నీకు తోచలేదు. నీ ఉత్తరంలో ముక్కల గురించి ఒక్క వాక్యం ఉంది. గది గురించీ బోర్డు గురించీ ఎంత రాశావో నువ్వే చూసుకో. నీ పేరు నీకు దొరికింది, నీ కోపం తీరింది. నా కోపం ఏమైందని అడిగావా?

వాడు మంచివాడే కావచ్చు. ఆ రోజు మా ఇంట్లో చెప్పబోయింది ఇదేనని ఇప్పుడు తెలుస్తోంది. విని ఉంటే ఏం చేసేదాన్నో నాకు తెలీదు. వేదిక మీద నేను రుద్దుతుంటే వాడికి ముందు అర్థం కాలేదు. "అమ్మగారూ, వద్దండీ, పాడైపోతుంది" అని చెయ్యి అడ్డం పెట్టాడు. సున్నం నురగ కట్టి నా వేళ్ల మీదుగా కారింది. అక్షరాలు కనపడగానే చదువుకున్నాడు. నావైపు చూశాడు. అరుస్తాడనుకున్నాను. జేబులోంచి చేతిరుమాలు తీసి, "చెయ్యి తుడుచుకోండమ్మా" అన్నాడు.

నేను తీసుకోలేదు. చీర కొంగుకే తుడుచుకుని మెట్లు దిగాను. బస్సులో నిడదవోలు దాకా నాకు ఎంతో హాయిగా ఉంది. అబద్ధం చెప్పను. ఆ తర్వాత హాయిగా లేదు. అయినా మళ్లీ చెయ్యమంటే చేస్తాను.

నీ అరవై మూడు సీసాలూ నిజమైనవని నాకు తెలుసు. ఎవరైనా అడిగితే వచ్చి చెబుతాను. అంతకుమించి చెయ్యను.

నిన్న మట్టలాదివారం. పిల్లలు కొబ్బరాకులు ఊపుకుంటూ గుడి చుట్టూ తిరిగారు. పరలోక ప్రార్థన అందరితోపాటే మొదలుపెట్టాను. ఇతరుల్ని మేం క్షమించినట్టే మమ్మల్నీ క్షమించు అనే మాట దగ్గరికొచ్చేసరికి నోరు మూసుకున్నాను. ఆ సభ అయినప్పటి నుంచీ నాలుగు ఆదివారాలుగా ఇదే వరస. పక్కన కూర్చునేవాళ్లు చూశారు, చెప్పారు. ఇవాళ పాస్టరుగారు ఇంటికొచ్చారు.

"ఎవరి మీదమ్మా దీనమ్మగారూ?" అని అడిగారు.

"ఇద్దరి మీదండీ" అన్నాను.

కాఫీ ఇచ్చి పంపాను.

అక్క,
దీనమ్మ.